నమూనా లెటర్ వద్దు, గుర్తుచేసే కాగితం చాలు

ఎడిటర్ గారికి నమస్కారం.

గత ఆదివారం మీ చదువుల పేజీలో రికమండేషన్ లెటర్ గురించి వచ్చిన వ్యాసం చదివాను. వ్యాసంతో నాకు పేచీ లేదు. దాని కింద డబ్బా కట్టి ఒక నమూనా లెటర్ వేశారు చూడండి, పేచీ దానితోనే. నేను ప్రాజెక్టులు చేసే పిల్లలకి గైడ్‌ని. ఏటా ఈ సీజన్‌లో పాతిక ముప్పై లెటర్లు రాస్తుంటాను. ఆదివారం మీరు వేసిన నమూనా బుధవారానికల్లా నా టేబుల్ మీదికి రెండు కాపీలుగా వచ్చేసింది. ఇద్దరు వేర్వేరు పిల్లలు, ఒకరికొకరు తెలియదు కూడా. పేర్లు మార్చారు, సబ్జెక్టు మార్చారు, మిగతాదంతా మీ డబ్బాలోదే. ఒకరి కాపీలో అయితే రెండో పేరాలో ‘ఇక్కడ ప్రాజెక్టు పేరు రాయాలి’ అన్న మీ సూచన కూడా అలాగే ఉండిపోయింది. “సార్, మీరు బిజీగా ఉంటారని రెడీ చేసి తెచ్చాను, సంతకం పెడితే చాలు” అన్నాడు ఆ అబ్బాయి, ఎంతో మర్యాదగా.

ఆ మర్యాద గురించే ఈ ఉత్తరం. ఆ అబ్బాయి నాకు సాయం చేస్తున్నాననే అనుకున్నాడు, నిజంగానే అనుకున్నాడు, అందుకే కోప్పడలేకపోయాను. మన దగ్గర సిఫారసు అన్న మాటకే ఒక మచ్చ ఉంది. ఎవరినో పట్టుకోవడం, ఫోన్ చేయించడం, పని జరిగేలా చూసుకోవడం, ఇదే కదా మనకి సిఫారసంటే. అందుకని పిల్లలు రికమండేషన్ అడగడానికి వచ్చేటప్పుడు అప్పు అడగడానికి వచ్చినట్టు వస్తారు. గుమ్మం దగ్గరే నిలబడతారు. ఎంత తక్కువ ఇబ్బంది పెడితే అంత మంచిదనుకుని, చివరికి సంతకం తప్ప నాకేమీ మిగల్చని కాగితం చేతిలో పెడతారు. కానీ ఆ లెటర్ చదివేవాళ్లు దాన్ని మాట సాయంగా చదవరు, సాక్ష్యంగా చదువుతారు. ఈ పిల్లని మీరు దగ్గర్నుంచి చూశారు కదా, ఏం చూశారో చెప్పండి అని అడుగుతున్నారు. సాక్షికి తను చూసింది గుర్తుచేస్తే తప్పులేదు, చూడనిది నూరిపోస్తేనే తప్పు.

నా వైపు ఏం జరుగుతుందో చెబితే మీకు అర్థమవుతుంది. అమెరికా యూనివర్సిటీల పీహెచ్‌డీ అప్లికేషన్లకి చాలావాటికి డెడ్‌లైన్లు డిసెంబర్‌లోనే పడతాయి, మొదటి తేదీకి కొన్ని, 15కి కొన్ని. ఒక్కోదానికి మామూలుగా 3 లెటర్లు కావాలి. పిల్లలు ఎనిమిది చోట్లా పది చోట్లా అప్లై చేస్తారు. అంటే నాకు ఒక్కరి కోసమే పది లింకులు. లింకు తెరిస్తే ముందు ఒక ఫారం: ఈ వ్యక్తి మీకు ఎంతకాలంగా తెలుసు, ఏ హోదాలో తెలుసు. ఆ తర్వాత ఒక పట్టిక: మీరు చూసిన ఈ స్థాయి విద్యార్థులందరిలో ఈ వ్యక్తి పై 1 శాతంలో ఉన్నారా, 5లోనా, 10లోనా, 25లోనా. తెలివి, సొంత ఆలోచన, రాత, మాట, పట్టుదల, ఇలా వరసగా గళ్లు. అదంతా నింపాక లెటర్ పీడీఎఫ్ ఎక్కించాలి. అప్పటికి రాత్రి పదిన్నర అయి ఉంటుంది, పరీక్ష పేపర్లు దిద్దాల్సినవి పక్కన ఉంటాయి, నేను స్క్రీన్ వైపు చూస్తూ కూర్చుంటాను. మొహం గుర్తుంది. ల్యాబ్‌లో ఎక్కడ కూర్చునేదో గుర్తుంది. ఏం చేసిందో మాత్రం గుర్తుకి రాదు. బాగా చేసిందని మాత్రం గుర్తుంది! ఆ ‘బాగా’తో ఒక పేజీ ఎలా నింపాలి చెప్పండి. అప్పుడు ఎవరైనా చేసేదే నేనూ చేసేవాణ్ణి, పాత లెటర్ ఒకటి తీసి పేరు మార్చేవాణ్ణి. ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ చేశాను.

మీ వ్యాసంలో సూపర్‌వైజర్లకి టైం ఉండదు కాబట్టి పని తగ్గించండి అన్నారు. టైం ఎలాగో దొరుకుతుందండీ, నలభై నిమిషాలు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. ఆ నలభై నిమిషాల్లో ముప్పై ఐదు గుర్తు తెచ్చుకోవడానికే పోతున్నాయి, అదీ అసలు సమస్య.

మూడేళ్ల క్రితం ఒక అమ్మాయి వచ్చింది. గింజలు ఆరబెట్టే చిన్న డ్రైయర్ మీద నా దగ్గర ప్రాజెక్టు చేసింది. లెటర్ కావాలంది, డెడ్‌లైన్‌కి ఆరు వారాల ముందు. చేతిలో ఒకటే కాగితం. పైన తన పేరు, ఏ సెమిస్టర్‌లో నా దగ్గర ఏ పేపర్ చదివింది, క్లాసులో ఎంతమంది, తన మార్కులెన్ని, ప్రాజెక్టు ఏ నెల నుంచి ఏ నెల దాకా. దాని కింద ఒక గీత గీసి ‘మీరు చూసినవి’ అని రాసింది. ఆ మాట నాకు భలే నచ్చింది. తను సాధించినవి అనలేదు, మీరు చూసినవి అంది. దాని కింద నాలుగే నాలుగు సంగతులు. అందులో మూడోది దాదాపు ఇలా ఉంది: ఆరు టెంపరేచర్ సెన్సర్లలో రెండు రోజూ మధ్యాహ్నం రెండున్నర దాటాక 3 డిగ్రీలు ఎక్కువ చూపించేవి, మీరు క్యాలిబ్రేషన్ (సెన్సర్ రీడింగులు సరిచూసి దిద్దడం) తప్పయి ఉంటుంది మళ్లీ చేయమన్నారు, నేను అది చేసే ముందు కిటికీకి అట్ట అడ్డం పెట్టి చూశాను, రీడింగులు దిగిపోయాయి, ఎండ పడటం వల్లే అని తేలింది, మర్నాడు మీరు వచ్చి అట్ట తీసి ఒకసారి, పెట్టి ఒకసారి చూసుకున్నారు.

చదవగానే ఆ అట్ట కళ్ల ముందుకొచ్చింది. పాత ప్రింటర్ డబ్బాది, ఒక మూల చింపి, నాలుగు వైపులా టేపు అంటించి ఉంది. దాన్ని నేను నిజంగానే తీసి చూశాను, టేపుకి కిటికీ పెయింట్ కొంచెం ఊడివచ్చింది కూడా. మొత్తం మర్చిపోయాను ఎడిటర్ గారూ, ఆ కాగితం లేకపోతే చచ్చినా గుర్తుకొచ్చేది కాదు. ఇంకో విషయం, ఆ సంగతిలో నేను పొరపాటు పడ్డాను. గైడ్ పొరపాటుని గైడ్‌కే గుర్తుచేస్తూ రాయడానికి ఎంత ధైర్యం కావాలి! రాసిన తీరులో ఎక్కడా దెప్పిపొడుపు లేదు, జరిగింది జరిగినట్టు రాసింది. ఆ రాత్రి కూర్చుంటే లెటర్ ఒక్క బిగిన వచ్చేసింది. నేను తప్పు కారణం చెప్పాను, ఈ అమ్మాయి నాతో వాదన పెట్టుకోలేదు, నా మాట గుడ్డిగా వినలేదు కూడా, అయిదు నిమిషాల్లో అయ్యే పరీక్ష ఒకటి ఆలోచించి చేసి చూపించింది, అని రాశాను. ఇది మీ నమూనా లెటర్‌లో ఉన్న ‘విశ్లేషణా సామర్థ్యం అపారం’ అన్న ముక్క పక్కన పెట్టి చూడండి. ఎదుటివాళ్లకి ఏది నమ్మబుద్ధేస్తుంది?

నాలుగో సంగతి ఇంకా చిత్రం. రెండో నెలలో బ్యాకప్ పెట్టుకోక రెండు వారాల డేటా పోగొట్టుకుందట, ఆ తర్వాత నుంచి రోజూ ఇంటికెళ్లే ముందు కాపీ తీసేదట. తన తప్పు తనే రాసిచ్చింది. పిల్లలు ఇలాంటివి దాచిపెడతారు, దాచాల్సిన పని లేదు. చాలా ఫారాల్లో లోపాల గురించి కూడా అడుగుతారు, బిజినెస్ స్కూళ్లలో కొన్ని అయితే ‘మీరు ఈ వ్యక్తికి ఇచ్చిన ముఖ్యమైన సలహా ఏమిటి, దాన్ని ఎలా తీసుకున్నారు’ అని నేరుగా ప్రశ్న పెడతాయి. అక్కడ రాయడానికి ఏమీ దొరక్క ‘ఒక్కోసారి అవసరానికి మించి కష్టపడతారు’ లాంటి సొల్లు రాస్తే చదివేవాడు నవ్వుకుంటాడు. పోయిన డేటా, ఆ తర్వాత రోజూ తీసిన కాపీ, ఇది జవాబు.

కాబట్టి కాగితంలో ఏం రాయాలి అంటే, ఆ సూపర్‌వైజర్ కళ్లారా చూసినవి రాయాలి. రెజ్యూమె ఎలాగూ జత చేస్తారు, అందులో ఉన్నవే మళ్లీ ఎందుకు. ఇంకెక్కడో వచ్చిన ప్రైజు, వేరే సార్ దగ్గర చేసిన సెమినార్, వాటికి నేను సాక్షిని కాదు, వాటి గురించి ఆ సార్ రాస్తారు. ముగ్గురి దగ్గర లెటర్లు తీసుకుంటున్నప్పుడు ముగ్గురికీ ఒకే కాగితం జిరాక్స్ తీసి ఇవ్వడం కూడా ఇందుకే దండగ. తేదీలు, అంకెలు ఉంటే ప్రాణం లేచివస్తుంది. ఎంతమంది టీం, అందులో నువ్వు చేసిన ముక్క ఏది, ఎన్ని వారాలు, ఏది పాడైంది, ఏది బాగుపడింది. విశేషణాలు మాత్రం దయచేసి వద్దు. ‘అద్భుతం’ అని నన్ను నేను ఒప్పించుకోవాలంటే ముందు సంగతి తెలియాలి, సంగతి తెలిస్తే ఆ మాట నేనే వెతుక్కుంటాను. ఒక పేజీ దాటొద్దు, దాటితే మళ్లీ అది కూడా చదవాల్సిన పేపరే అవుతుంది.

లింకులూ తేదీల గొడవ ఇంకోటి. దీని గురించి మీ వ్యాసంలో రెండు లైన్లే ఉన్నాయి గానీ లెటర్లు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. అన్ని యూనివర్సిటీలూ ఒకే మెయిల్‌లో, ఒకే పట్టికగా పంపాలి: కోర్సు పేరు సరిగ్గా, డెడ్‌లైన్ తేదీ, అది ఎవరి టైం ప్రకారమో, లెటర్ ఎక్కించాలా లేక ఫారం మాత్రమే నింపాలా. వాళ్ల అర్ధరాత్రి మన అర్ధరాత్రి ఒకటి కాదు కదా. కొన్ని పోర్టల్స్‌లో మా పేరు, మెయిల్ ఎక్కించగానే లింకు వచ్చేస్తుంది. కొన్నిట్లో అప్లికేషన్ సబ్మిట్ చేశాకే వస్తుంది. ఈ తేడా తెలియక, చివరి రోజు సాయంత్రం సబ్మిట్ చేసి, ‘సార్ లింకు వచ్చిందా’ అని గంటకి మూడు ఫోన్లు చేసేవాళ్లు ఎందరో. వచ్చినా అది స్పామ్‌లో పడుతుంది, ఎవరో తెలియని అడ్రస్ నుంచి ఆటోమేటిక్‌గా వచ్చే మెయిల్ కాబట్టి. ‘ఫలానా తేదీన ఫలానా పేరుతో మెయిల్ వచ్చి ఉండాలి, కనిపించకపోతే స్పామ్ చూడండి’ అని ఒక లైన్ పెడితే సగం టెన్షన్ పోతుంది. మా సొంత మెయిల్ ఇవ్వకండి, సంస్థ ఇచ్చిన మెయిలే ఇవ్వండి, చాలాచోట్ల అదే అడుగుతారు. నాలుగైదు వారాల ముందు అడగండి. వారం ముందు ఒకసారి, రెండు రోజుల ముందు ఒకసారి గుర్తుచేయండి. గుర్తుచేస్తే కోపం వస్తుందేమో అని భయపడతారు పిల్లలు, నిజానికి మాకు అది ఊరట. ‘సార్, పదిలో ఏడు అందాయని చూపిస్తోంది, ఈ మూడూ మిగిలాయి’ అని ఒక్క మెసేజ్ పెడితే పేపర్ల కట్ట పక్కకి నెట్టి అప్పటికప్పుడు చేసేస్తాను.

ఇక అసలు అడగడం దగ్గరే ఒక చిక్కుంది. మొహమాటం. అడిగేవాళ్లకీ మొహమాటమే, అడిగించుకునేవాళ్లకీ మొహమాటమే. కాదనలేక సరే అన్న లెటర్ కంటే లేని లెటర్ నయం, ఎందుకంటే ‘ఫలానా విద్యార్థి నా క్లాసుకి వచ్చేవారు, పాస్ అయ్యారు’ అన్నట్టుండే చప్పిడి లెటర్‌ని చదివేవాళ్లు పొగడ్త కిందకి లెక్కెయ్యరు, ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదన్నమాట అనుకుంటారు. అందుకని నా దగ్గరికి వచ్చే పిల్లలకి ఇలా అడగమని చెబుతాను: “సార్, నా గురించి గట్టిగా రాయగలనని మీకనిపిస్తేనే రాయండి, లేకపోతే మొహమాటం లేకుండా చెప్పేయండి, ఇంకెవరినైనా అడుగుతాను.” ఇలా అడిగితే నాకు తప్పుకునే దారి దొరుకుతుంది. పోయినేడాది ఇద్దరికి వద్దని చెప్పాను, ఒక్క సెమిస్టర్ వెనక బెంచీలో చూడటం తప్ప నాకు వాళ్ల గురించి ఏమీ తెలియదు. చెప్పడానికి కష్టంగానే అనిపించింది. అందులో ఒకమ్మాయి తన ఇంటర్న్‌షిప్ మేనేజర్ దగ్గరికి వెళ్లి లెటర్ తెచ్చుకుంది, నేను రాసేదానికంటే అది వంద రెట్లు నయమై ఉంటుంది. (కంపెనీల్లో చేసేవాళ్లు ముందే కనుక్కోవాలి సుమా, చాలా కంపెనీలు లెటర్‌హెడ్ మీద చేరిన తేదీ, వదిలిన తేదీ, హోదా తప్ప ఏమీ రాయనివ్వవు. మేనేజర్ మంచివాడైనా చేతులు కట్టేసి ఉంటాయి.)

‘నువ్వే రాసుకురా, సంతకం పెడతాను’ అనే సూపర్‌వైజర్ల గురించి కూడా చెప్పాలి. మీ వ్యాసం దాన్ని మామూలు విషయంగా తీసుకుంది. మామూలే, కాదనను. నా చదువు రోజుల్లో మా గైడ్ గారు నాకూ అదే చెప్పారు. నాకు నేనే లెటర్ రాసుకోవడం ఎలాగో తెలియక ఒక సీనియర్ దగ్గర పాత లెటర్ సంపాదించాను. అది ఒక అక్కది. పేరు మార్చాను, ఆవిడ ప్రాజెక్టు తీసేసి నాది పెట్టాను, ఇంగ్లిష్‌లో ఆడవాళ్లకి వేరు మగవాళ్లకి వేరు సర్వనామాలు కదా, అవన్నీ మార్చాననుకున్నాను. చివరి పేరాలో రెండు చోట్ల ‘షీ’ అలాగే ఉండిపోయింది. గైడ్ గారు చదవకుండా సంతకం పెట్టారు, నేను కవర్‌లో పెట్టి పంపేశాను, కాపీ చూసుకున్నది ఆరు నెలల తర్వాత. అక్కడ నాకు సీటు రాలేదు. ఆ ‘షీ’ వల్లే రాలేదని చెప్పలేను, కానీ ఆ కాగితం చదివిన వాళ్ల మొహాలు ఊహించుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఈ మధ్య ఒక సెలెక్షన్ కమిటీలో కూర్చున్నప్పుడు అవతలి వైపు కూడా చూశాను. ఒకే అభ్యర్థికి ఇద్దరు వేర్వేరు ప్రొఫెసర్ల లెటర్లు, రెండు వేర్వేరు లెటర్‌హెడ్‌లు, రెండు సంతకాలు, రెండిట్లోనూ ఒకే మాటకి ఒకే స్పెల్లింగ్ తప్పు. ఎవరూ ఏమీ అనలేదు, ఆ ఫైలు అలా పక్కకి జరిగిపోయింది. ఆ అభ్యర్థి నిజంగా మంచివాడే కావచ్చు, ఇద్దరు ప్రొఫెసర్లకీ నిజంగానే అతనంటే మంచి అభిప్రాయం ఉండి ఉండవచ్చు, ఆ విషయం తెలుసుకునే దారే మాకు మిగల్లేదు. ఇప్పుడు ఏఐతో రాయిస్తున్నారు కాబట్టి స్పెల్లింగ్ తప్పులు ఉండవు, దానికి బదులు లెటర్లన్నీ అక్కాచెల్లెళ్లలా ఉంటున్నాయి. కొన్ని బిజినెస్ స్కూళ్లు అభ్యర్థి తన లెటర్ తనే రాసుకోవడం, డ్రాఫ్ట్ చేసి ఇవ్వడం కుదరదని ఖరాఖండిగా చెబుతాయి. ‘అందరూ చేసేదే కదా’ అని రాసే ముందు మీరు ఆ ముక్క కూడా వేసి ఉండాల్సింది.

సూపర్‌వైజరే రాసుకురమ్మంటే కాదనే స్థితి విద్యార్థికి ఉండదు, నాకు తెలుసు. డిగ్రీ ఆయన చేతిలో ఉంటుంది. అక్కడ తప్పు మాది, పిల్లలది కాదు. అయినా ఒక ఉపాయం పనిచేస్తుంది: లెటర్ రాయమంటే లెటర్ రాయకుండా, పైన చెప్పిన కాగితం పట్టుకెళ్లడం. ‘సార్, లెటర్‌లా రాస్తే నా భాషలా ఉంది, మీ లెటర్‌లా లేదు, అందుకని జరిగిన విషయాలు మాత్రం వరసగా రాశాను’ అనడం. పదిమందిలో ఏడెనిమిది మంది సూపర్‌వైజర్లు ఆ కాగితం చూసి తామే రాయడం మొదలుపెడతారని నా నమ్మకం, లెక్క కాదు, నమ్మకమే. ఎందుకంటే రాయడం వాళ్లకి బరువు కాదు, ఖాళీ పేజీ బరువు.

మా లెటర్లలోని మాటల గురించి ఒక సంగతి. 2003లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు ఒక మెడికల్ స్కూల్‌లో అధ్యాపక ఉద్యోగాల కోసం వచ్చిన 312 రికమండేషన్ లెటర్లు పరిశీలించి పేపర్ వేశారు. ఆడవాళ్ల కోసం రాసిన లెటర్లు సగటున పొట్టిగా ఉన్నాయట, వాటిలో అనుమానం కలిగించే మాటలు ఎక్కువట, కష్టపడి పనిచేస్తారు, శ్రద్ధ ఎక్కువ లాంటి మెచ్చుకోళ్లు ఎక్కువట. మగవాళ్లకేమో ప్రతిభ, పరిశోధన. అది చదివాక నా కంప్యూటర్‌లో పాత లెటర్లు తీసి చూసుకున్నాను. ఆడపిల్లలకి రాసిన వాటిలో ‘బుద్ధిగా’, ‘క్రమశిక్షణతో’ అన్న అర్థం వచ్చే మాటలు నాకే విసుగు పుట్టేన్ని ఉన్నాయి. ఎవరినీ తక్కువ చేయాలని రాయలేదు. సంగతులు గుర్తులేనప్పుడు చేతికి ఏ మాటలు అలవాటైతే అవి వచ్చి కూర్చుంటాయి, అంతే. అట్ట కథ చెప్పిన అమ్మాయి లెటర్‌లో ‘కష్టపడే మనస్తత్వం’ అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు, చూసుకుని ఆశ్చర్యపోయాను.

ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, గొప్పవాళ్ల లెటర్లు పొట్టిగా ఉన్నవి లేవా అని. ఉన్నాయి. 1948లో గణితవేత్త జాన్ నాష్ కోసం ఆయన ప్రొఫెసర్ రిచర్డ్ డఫిన్ ప్రిన్స్‌టన్ యూనివర్సిటీకి రాసిన లెటర్‌లో మూడే వాక్యాలు. అప్లై చేశాడు, వయసు పంతొమ్మిది, గణితంలో మేధావి, అయిపోయింది. అలాంటి లెటర్ రాయాలంటే అటు నాష్ ఉండాలి, ఇటు డఫిన్ మాట మీద గురి ఉండాలి. మనకి పనికొచ్చేది రామానుజన్ పద్ధతి. 1913 జనవరిలో కేంబ్రిడ్జ్ గణితవేత్త హార్డీకి ఆయన రాసిన ఉత్తరం రికమండేషన్ అడిగింది కాదు, సలహా అడిగింది, అయినా తీరు చూడండి. ఫలానా ఆఫీసులో గుమాస్తాని, యూనివర్సిటీ చదువు లేదు అని రెండు ముక్కల్లో తన సంగతి చెప్పేసి, ఇక పేజీల కొద్దీ తను కనిపెట్టిన ఫలితాలు పెట్టారు. నేను గొప్పవాణ్ణని హార్డీ చేత ఎలా అనిపించాలా అని ఆలోచించలేదు, హార్డీ చూడాల్సినది ఆయన ముందు పెట్టారు. ఆ కాగితాలతో హార్డీ, ఆయన తోటి గణితవేత్త లిటిల్‌వుడ్ కూర్చున్నాక మిగతాది వాళ్లే తేల్చుకున్నారు.

ఒక చిన్న సంగతి చెప్పడం మర్చిపోయాను. అప్లికేషన్‌లో ‘ఈ లెటర్ చూసే హక్కు వదులుకుంటున్నారా’ అని ఒక గడి ఉంటుంది, దాని గురించి పిల్లలు తెగ కంగారు పడతారు. అమెరికాలో 1974లో వచ్చిన ఫెర్పా అనే చట్టం విద్యార్థికి తన రికార్డులు చూసుకునే హక్కు ఇచ్చింది, అక్కడ చేరాక అందులో ఈ లెటర్లు కూడా వస్తాయి, అందుకే ఆ ప్రశ్న. వదులుకోవాలని బలవంతమేమీ లేదు, కానీ వదులుకుంటేనే చదివేవాళ్లకి ఆ లెటర్ మొహమాటం లేకుండా రాసిందని నమ్మకం. కాగితం పిల్లలది, లెటర్ మాది. నా దగ్గర కాగితం ఇచ్చినవాళ్లెవరూ లెటర్ చూపించమని అడగలేదు, ఏం ఉంటుందో వాళ్లకి ఎలాగూ అంచనా ఉంటుంది మరి.

ఫలితం వచ్చాక చెప్పండి, ఇది కూడా రాయండి మీ పేజీలో. సీటు వచ్చినా రాకపోయినా ఒక మెసేజ్. పది లింకులు నింపినవాడికి ఏమైందో తెలుసుకోవాలని ఉంటుంది. సగం మంది చెప్పరు, మళ్లీ రెండేళ్లకి ఇంకో లెటర్ కోసం వచ్చినప్పుడు తెలుస్తుంది ఎక్కడ చేరారో. ఆ కాగితం మాత్రం నేను దాచిపెడతాను, రెండేళ్ల తర్వాత అదే పనికొస్తుంది.

ఇంతకీ మిమ్మల్ని కోరేది ఒకటే. వచ్చే ఆదివారం మళ్లీ ఆ డబ్బా వేసేటట్టయితే అందులో లెటర్ వేయకండి, ఒక విద్యార్థి సూపర్‌వైజర్‌కి ఇచ్చే కాగితం వేయండి. నమూనా కోసం వెతుక్కోనక్కర్లేదు. డ్రైయర్ ప్రాజెక్టు అమ్మాయికి నిన్న ఫోన్ చేసి అడిగాను, పేరు, కాలేజీ తీసేస్తే వేసుకోమంది. స్కాన్ చేసి ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. కింద కుడి మూల మరక ఉంటుంది, అది నా టీ కప్పుది, కత్తిరించుకోండి.

ఇట్లు,
ఒక ప్రాజెక్టు గైడ్